మాన్యం, మర్యాద: తెలుగు నేలపై మతం, వర్గాధికారం

మతానికీ సామాజిక వర్గాల అధికారానికీ ఉన్న సంబంధం తెలుగునాట రెండు మాటల్లో పట్టుబడుతుంది: మాన్యం, మర్యాద. దేవుడి పేరిట, దేవుడి కొలువు చేసేవారి పేరిట రాసిచ్చిన భూమి మాన్యం. ఆ దేవుడి ఎదుట ముందుగా తీర్థం ఎవరికివ్వాలి, శఠగోపం ఎవరి నెత్తిన పెట్టాలి, పరివట్టం ఎవరి తలకు చుట్టాలి అన్న వరుస మర్యాద. తేరు లాగేనాడు తాడు మీద మొదటి చెయ్యి ఎవరిదో, అమ్మవారి జాతరలో దున్నపోతును కొన్నదెవరో, నరికిందెవరో, దాని తలను నెత్తిన పెట్టుకుని పొలిమేర తిరిగిందెవరో అడిగి తెలుసుకుంటే ఆ ఊరి పొలం ఎవరి చేతుల్లో ఉందో చాలావరకు అర్థమైపోతుంది. మతం పేరిట ఇక్కడ జరిగిన పోరాటాలు కూడా ఎక్కువగా ఈ రెండింటి చుట్టూనే తిరిగాయి.

ఈ సంబంధాన్ని వివరించిన సిద్ధాంతాలకు కొదవ లేదు. 1844లో కార్ల్ మార్క్స్ మతాన్ని నల్లమందుతో పోల్చాడన్నది లోకవిదితం. అదే వ్యాసంలో ఆయన మతంలో పీడితుల బాధ కూడా పలుకుతుందని గుర్తించాడు. ఉన్నవాడు తన కలిమి తనకు తగినదేనన్న ఊరట కోసం మతాన్ని ఆశ్రయిస్తాడనీ, లేనివాడు విముక్తి కోసం ఆశ్రయిస్తాడనీ మాక్స్ వెబర్ విశ్లేషించాడు. కింది కులాలు పై కులాల ఆచారాలను అందిపుచ్చుకుని అంతస్తు పెంచుకునే తీరుకు ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో సంస్కృతీకరణ అని పేరు పెట్టాడు. మన నేలకు అందరికంటే దగ్గరగా వచ్చింది మాత్రం అంబేడ్కరే. కులం పనిని విభజించి ఊరుకోదు, పనిచేసేవారినే మెట్లుమెట్లుగా విడదీస్తుందనీ, ఆ మెట్లకు శాస్త్రం పవిత్రతను కట్టబెట్టినంతకాలం అవి కదలవనీ ఆయన 1936లో రాశాడు. వర్గం, కులం, మతం అనే మూడు పేటలు విడిగా దొరకని చోట ఏ ఒక్కదాన్ని పట్టి లాగినా మిగతా రెండూ వెంట వస్తాయి.

గుడి చుట్టూ భూమి

గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి రాతిస్తంభ శాసనం ఒకటుంది. కాకతీయ గణపతిదేవుడు తన దీక్షాగురువు, గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామాన్ని ఇస్తానన్నాడు. రుద్రమదేవి ఆ మాట నిలబెట్టి వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది. శివాచార్యుడు అక్కడ గుడి, మఠం, విద్యాలయం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నెలకొల్పాడు. వేదం చెప్పేవారికి, తర్కం చెప్పేవారికి, వైద్యుడికి, కరణానికి, నాట్యకత్తెలకు, మద్దెల వాయించేవారికి, కంసాలికి, కమ్మరికి, కుమ్మరికి, ఊరి కాపలా కాసేవారికి ఎవరి వాటా భూమి వారికి పంచాడు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని ఆ శాసనం నిర్దేశించింది. ప్రసూతిశాల ఊసెత్తిన శాసనాలు ఆనాటికి అరుదు కాబట్టి దాన్ని మెచ్చుకోవలసిందే. అయితే ఆ పంపకాన్ని దున్నేవాడి వైపు నుంచి కూడా చదవాలి. రాజుకు కట్టే పన్ను ఇకమీదట మఠానికి చేరుతుంది. ఎవరి పని ఏదో, ఆ పనికి ఎంత నేలో రాతి మీద ఖాయమైపోయింది. అన్నం దగ్గర అందరూ కనిపించే ఆ శాసనంలోనే, భూమి దగ్గరికి వచ్చేసరికి ఎవరి అంతస్తు వారిదే. ఇవాళ ఆంధ్రప్రదేశ్ సచివాలయం నిలిచింది ఆ వెలగపూడిలోనే.

కాకతీయులు తమను నాలుగో వర్ణంవారిగా శాసనాల్లో చెప్పుకోవడానికి సంకోచించలేదు. వ్యవసాయ, పశుపాలక కులాల నుంచి వచ్చిన నాయకులకు గుడికి దానమివ్వడమే పెద్దరికానికి దారి అయ్యింది. చెరువు తవ్వించి, దాని కింద మాగాణిలో కొంత దేవుడికి రాసినవాడికి పుణ్యంతో పాటు ఆ చుట్టుపక్కల మాట చెల్లుబాటు కూడా దక్కేది. ద్రాక్షారామం స్తంభాల మీద అఖండదీపాల దానాలు కోకొల్లలు. దాత గొర్రెలనో ఆవులనో ఇస్తాడు. వాటిని ఒక బోయడు పుచ్చుకుంటాడు. అతడూ, అతడి కొడుకులూ, మనుమలూ సూర్యచంద్రులున్నంతకాలం దేవుడి దీపానికి రోజూ నెయ్యి కొలిచి పోయాలి. దాత పేరు వంశంతో సహా రాతికెక్కింది. మంద కాచి, పాలు పితికి, వెన్న కాచినవాడి పేరు చివర ఒక పంక్తిలో, అదీ బాధ్యత కింద కనిపిస్తుంది. అయినా ఆ మాత్రం పేరైనా దొరకడం చరిత్రకారులకు పెద్ద ఆధారమైంది. వేల మంది మామూలు పశుల కాపరుల ఉనికి మనకు తెలిసింది ఇటువంటి దీపాల వెలుగులోనే.

తిరుమలలో ఈ వ్యవస్థ మరింత నేర్పుగా సాగింది. విజయనగర కాలంలో భక్తులు నైవేద్యానికని ఇచ్చిన సొమ్మును ఆలయం ఊరికే ఉంచేది కాదు. దేవుడి గ్రామాల్లో కాలువలు తవ్వించేది, చెరువులు బాగుచేయించేది. పెరిగిన పంటలోంచి నైవేద్యం సాగేది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు వాటాగా దక్కేది. ఆ వాటాను ఇతరులకు ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు. అంటే ప్రసాదం హక్కు ఒక ఆస్తి. సాళువ నరసింహుడి కాలంలో రామానుజకూటాల నిర్వాహకుడైన కందాడై రామానుజయ్యంగార్ బ్రాహ్మణేతరులైన సాత్తాద శ్రీవైష్ణవులకు ఆలయ సేవల్లో, ప్రసాదంలో చోటు కల్పించాడు. రాజు అండ ఉన్న చోట మర్యాదల వరుస కాస్త సడలేదని దీన్నిబట్టి తెలుస్తుంది. రాజు మారితే వరుసా మారేది.

మహంతులు, ధర్మకర్తలు, సర్కారు

ఈస్టిండియా కంపెనీ 1801 ప్రాంతంలో తిరుమలను తన అజమాయిషీ కిందకు తెచ్చుకుంది. విగ్రహారాధనతో పొత్తేమిటని ఇంగ్లండులో క్రైస్తవ వర్గాలు నిలదీయడంతో 1843లో తప్పుకుని, ఆలయాన్ని హథీరాంజీ మఠం మహంతుల చేతిలో పెట్టింది. 1932 చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానం ఏర్పడేదాకా, అంటే దాదాపు తొంభయ్యేళ్లు, దేవుడి ఆదాయం మీద పెత్తనం మహంతులదే. మిగతా చోట్ల జమీందార్లు వంశపారంపర్య ధర్మకర్తలయ్యారు. సింహాచలం మీద విజయనగరం పూసపాటివారి అధికారం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. శిస్తు వసూలు చేసే చెయ్యీ, దేవుడి పేరిట కౌలు వసూలు చేసే చెయ్యీ ఒకటే అయినప్పుడు కౌలు ఎగ్గొట్టడం పాపం కూడా అవుతుంది. రైతుకు రెండు భయాలు, దొరకు ఒకటే ఖర్చు.

ఈ పెత్తనం మీద మొదటి గట్టి చట్టాన్ని తెచ్చిందీ ఒక జమీందారే. జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రధాని పానగల్లు రాజా ధర్మాదాయ సంస్థలను ప్రభుత్వ పర్యవేక్షణలోకి తెచ్చే బిల్లును 1922లో ప్రవేశపెట్టారు. చిక్కులన్నీ దాటి 1927 నాటికి అది స్థిరపడింది. ఆలయ సంపద మీద బ్రాహ్మణ, మఠాధిపతుల పట్టును బ్రాహ్మణేతర భూస్వామ్య వర్గం ప్రశ్నించిన ఘట్టమిది. పట్టు చేతులు మారింది గానీ, గుడి గడప బయట నిలబడ్డవారి స్థితి దానివల్ల మారలేదు.

ఆ స్థితి ఎటువంటిదో 1917 నవంబరులో బెజవాడ చూసింది. భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగింది. తాము అయిదోవాళ్లం కాదు, ఈ నేలకు ఆదివాసులమని చాటుతూ ఆ సభ పేరునే ఆది ఆంధ్ర మహాజన సభగా మార్చుకున్నారు. ప్రతినిధులు ఎక్కడ కొండెక్కుతారోనని సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారు. ఒక దేవాలయం తన భక్తుల్లో కొందరిని చూసి తలుపులేసుకోవడం కంటే మర్యాద అన్న మాట లోగుట్టు ఇంకెక్కడ తెలుస్తుంది? గుర్రం జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు శివుడికి తన మొర చేరవేయడానికి గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నాడో ఇక్కడే అర్థమవుతుంది. గుళ్లోకి తలకిందులుగా వేలాడే జీవికి దారి ఉంది, కవికి లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది.

అర్చకత్వపు వంశపారంపర్య హక్కులనూ, తిరుమల మిరాశీలనూ ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1987 నాటి 30వ చట్టంతో రద్దుచేసింది. తరతరాలుగా ప్రసాదంలో, లడ్డూల్లో వాటా పొందిన కుటుంబాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. పూజ చేయడం మతానికి సంబంధించినదే అయినా, ఆ కొలువును వారసత్వంగా పొందే హక్కు లౌకిక విషయమని 1996లో కోర్టు తేల్చింది. పల్లెల్లో ధూపదీప నైవేద్యాలకే దిక్కులేని గుళ్లను నమ్ముకున్న పేద అర్చకులను మాత్రం తిరుమల మిరాశీదారులతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మాన్యం అన్యాక్రాంతమైపోయి, హారతి పళ్లెంలో చిల్లరతో సంసారం ఈదే బ్రాహ్మణుడికి కులం పైమెట్టు ఇచ్చింది గానీ వర్గం ఇవ్వలేదు.

ఊరి అమ్మవారి పని పంపకం

పోలేరమ్మ, ఎల్లమ్మ, మైసమ్మల కొలుపులను పెద్ద గుళ్లకు విరుగుడుగా చూడటం పరిపాటి. అందులో నిజం సగమే. కొలుపు అంటే ఊరంతటి పని పంపకం. కుమ్మరి ఘటం తేవాలి, చాకలి దివిటీ పట్టాలి, వడ్రంగి బొమ్మ చెక్కాలి, మాదిగ డప్పు కొట్టాలి, ఆసాది అమ్మవారి కథ పాడాలి, తెలంగాణలో బైండ్లవారు పట్నం వేయాలి. ఖర్చు భరించే కాపుకో, దొరకో ముందు బోనం, ముందు మర్యాద. తెలంగాణ గడీల కింద వెట్టి నడిచిన రోజుల్లో పండగ చాకిరీకీ, ఏడాది పొడుగునా చేసే వెట్టికీ తేడా గీత కనపడేది కాదు.

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల మాతంగి ఆచారాన్ని 20వ శతాబ్దం మొదట్లో ఎడ్గార్ థర్స్టన్ వంటివారు నమోదుచేశారు. మాదిగ స్త్రీ మాతంగిగా ఆవేశం పూని అగ్రకులాల ఇళ్లలోకి దూరిపోతుంది. నోటికొచ్చినట్టు తిడుతుంది. వాళ్ల మీద ఉమ్ముతుంది. ఆ ఉమ్మితో తమ మైల పోయిందని వాళ్లు సంతోషిస్తారు. కొందరు పరిశోధకులు దీన్ని తిరుగుబాటు అన్నారు, కొందరు ఒత్తిడి బయటకు పోవడానికి పెట్టుకున్న తూము అన్నారు. తూము అన్నదే నాకు సబబుగా తోస్తుంది. మర్నాడు ఆమె అదే వీధిలోకి వస్తే అదే దూరంలో నిలబడాలి. ఏడాదిలో ఒక్క పూట దేవతగా ఉన్నందుకు మిగతా రోజుల కూలి ఒక్క కానీ పెరగలేదు.

అమ్మవారి పేరిట సాగిన జోగిని వ్యవస్థ దగ్గర ఈ చర్చ కూడా అనవసరం. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో దళిత బాలికలను దేవతకిచ్చి పెళ్లిచేసి ఊరి భూస్వాములకు అప్పగించారు. పుట్టిన పిల్లలకు తండ్రి పేరు లేదు, ఆస్తిలో హక్కు లేదు. మతం ఇక్కడ వర్గాధికారానికి ముసుగు కూడా వేయలేదు, నేరుగా తాళి కట్టింది. జాషువా కుమార్తె హేమలతా లవణం వంటివారు జోగినుల పునరావాసానికి పూనుకున్నారు. నిషేధ చట్టం 1988లో వచ్చింది.

కింది నుంచి వచ్చిన గొంతులు

మతం ఎప్పుడూ పైవాళ్ల చేతి కర్రే అంటే చరిత్ర ఒప్పుకోదు. పన్నెండో శతాబ్దపు పల్నాట బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టాడనీ, మాల కన్నమదాసును కొడుకుగా చేసుకుని సేనాపతిని చేశాడనీ పల్నాటి వీరగాథ చెబుతుంది. కారంపూడిలో ఏటా కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాలకు వంశాలవారు తమ పూర్వీకుల ఆయుధాలను మోసుకొస్తారు, నాగులేటిలో కడుగుతారు, ఇప్పటికీ చాపకూడు తంతు జరుపుతారు. వీరశైవం కులాన్ని కాదని మొదలైంది. కానీ ఆంధ్రదేశంలో మల్లికార్జున పండితారాధ్యుడి సంప్రదాయం జంధ్యాన్నీ లింగాన్నీ రెంటినీ ఉంచుకున్న ఆరాధ్య బ్రాహ్మణులకు దారితీసింది. కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య ఉన్నారని సంప్రదాయం. వేమన పద్యం చదువురానివాడి నోటికీ అందింది. ఈ గొంతులన్నిటికీ ఒకే ఇబ్బంది ఎదురైంది. మర్యాదను ప్రశ్నించాయి, మాన్యం జోలికి మాత్రం పోలేకపోయాయి. పంక్తిలో పక్కన కూర్చున్నవాడు తెల్లారి అదే ఆసామి పొలానికి పాలేరుగా వెళ్లాడు.

ఆ లోటును కొంతైనా దాటిన ఘట్టం ఒంగోలు ప్రాంతంలో వచ్చింది. తోళ్ల వర్తకం చేసే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, ఒక యోగ సంప్రదాయంలో గురూపదేశం పొందిన సాధకుడు. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరకు తనంతట తాను వచ్చాడు. అంటే తెలుగు దళితులు క్రైస్తవాన్ని ఖాళీ మనసుతో అందుకోలేదు. వీరబ్రహ్మం వంటి గురువుల సంప్రదాయాలు దున్ని ఉంచిన నేల మీదే ఆ విత్తనం పడింది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని ఒంగోలు బ్రాహ్మణ యువకులు చెప్పినప్పుడు క్లౌ దంపతులు మాదిగల వైపే నిలిచారు. మాదిగల వైపు నిలవడం ఆ ప్రాంత చరిత్రనే మలుపు తిప్పింది. 1876–78 ధాత కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల గుత్త తీసుకుని వేల మందికి కూలి చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు.

ఊళ్లలో దాని ఫలితం వెంటనే కనిపించింది. చేరినవాళ్లు అమ్మవారి కొలుపులో డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పనికి రాం అన్నారు. ఈ మూడూ చూడటానికి మతనియమాలు, నిజానికి మూడూ కూలి ఒప్పందాన్ని తిరగరాసే మాటలు. ఆసాములూ కరణాలూ దాన్ని సరిగ్గానే చదివారు: పని ఆపారు, బావి మూశారు, కొట్టించారు. బైబిలు చదువుకోవడానికి నేర్చిన అక్షరాలు బడిపంతుళ్లనూ నర్సులనూ తయారుచేశాయి. పొలం దక్కకపోయినా జీతం దక్కింది. కూలి మీద బతకనక్కరలేని మొదటి తరం దళితులు చాలావరకు ఆ మిషన్ బడుల నుంచి వచ్చినవారే.

కానీ కులం చర్చి గడప దగ్గర చెప్పులతో పాటు ఆగిపోలేదు. చాలా చోట్ల మాలలది ఒక మిషన్, మాదిగలది ఇంకో మిషన్ అయ్యింది. కతోలిక సంఘంలో రెడ్డి, కమ్మ క్రైస్తవుల పెద్దరికం కొనసాగింది. చాలా ఊళ్లలో వేర్వేరు శ్మశానాల రూపంలో కులం సమాధి దాకా వెంట వచ్చింది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంతోని 2022లో కార్డినల్ అయ్యేదాకా, అటు దళితుల్లో గానీ ఇటు తెలుగువారిలో గానీ ఆ పదవికి చేరినవారు లేరు. మరోపక్క 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు. క్రైస్తవుడైన దళితుడు ఊళ్లో మాలగానో మాదిగగానో వివక్ష అనుభవిస్తూనే కాగితం మీద ఎస్సీ కాకుండా పోతున్నాడు. అందుకే ఎన్నో కుటుంబాల్లో చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు.

తెలుగు ముస్లింలలోనూ ఈ మెట్లున్నాయి. దూదేకులను తక్కువగా చూసే సయ్యదు, పఠాను కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. 2007 చట్టంతో వెనుకబడిన తరగతుల ‘ఇ’ గ్రూపులో ముస్లిం వృత్తి సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు సయ్యదులు, మొఘలులు, పఠానులు వంటివారిని అందులోంచి మినహాయించారు. మతం ఒకటే అయినా వర్గం ఒకటి కాదని రాజ్యమే రాతపూర్వకంగా ఒప్పుకున్న సందర్భమది.

ఇప్పుడు

భద్రాచలంలో శ్రీరామనవమికీ, తిరుమలలో బ్రహ్మోత్సవాలకూ ముఖ్యమంత్రులు తలకు పరివట్టం చుట్టుకుని, పట్టువస్త్రాల పళ్లెం నెత్తిన పెట్టుకుని నడుస్తారు. గోల్కొండ నవాబు ముత్యాల తలంబ్రాల సంప్రదాయం నుంచి ఓట్లతో ఎన్నికైన ప్రభుత్వాల దాకా ఆ మర్యాద తెగలేదు. తిరుమల వార్షిక బడ్జెట్ అయిదు వేల కోట్లు దాటింది. కొండ మీద ఒకే దేవుడికి సర్వదర్శనం వరుస ఒకటి, మూడు వందల రూపాయల వరుస ఒకటి, శ్రీవాణి ట్రస్టుకు పది వేలు విరాళమిచ్చినవారి వరుస ఒకటి, సిఫారసు లేఖల వరుస ఇంకొకటి. వెనక పిల్లను భుజాన వేసుకుని కంపార్ట్‌మెంటులో రాత్రంతా కూర్చున్న కూలితల్లికి దక్కేది రెప్పపాటు దర్శనం. అదే శ్రీవాణి సొమ్ముతో దళితవాడల్లో గుళ్లు కడుతున్నారు. వాడలో గుడి కట్టడం మంచిదే. ఊరి గుడి తలుపు మీద ఉన్న ప్రశ్నను మాత్రం అది పక్కకు నెట్టకూడదు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో చిలుకూరు అర్చకుడు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుడిని భుజాల మీద మోసుకుని లోపలికి తీసుకెళ్లారు. తిరుప్పాణాళ్వారు కథలోని మునివాహన సేవ అది. మర్యాదల వరుస తిరగబడిన ఆ దృశ్యం అపురూపమైనది.

మాన్యం సంగతి అంత వేగంగా కదలలేదు. 1987 చట్టం 82వ సెక్షను భూమిలేని నిరుపేదల కౌళ్లకు రక్షణ కల్పించింది. మాగాణి రెండున్నర ఎకరాలు, మెట్ట అయిదెకరాలు మించనివారిని నిరుపేదలుగా గుర్తించింది. మిగతా దేవుడి భూములకు వేలం. దండోరా వేస్తారు, ధరావతు కట్టించుకుంటారు, గుడి మండపంలో పాట మొదలుపెడతారు. ఎండోమెంట్స్ అధికారి బల్ల మీద కాగితాలు, పక్కన ధర్మకర్తల మండలి సభ్యులు. ఊళ్లో పదెకరాలున్న ఆసామి ముందు కుర్చీలోంచి మొదటి పాట పాడతాడు. అప్పటిదాకా ఆ చేను కూలికి దున్నిన మనిషి స్తంభం పక్కన నిలబడి ఉంటాడు. ధరావతు డబ్బు అతని దగ్గర లేదు. ఉన్నా, రేపు నీళ్లు పై చేను నుంచే రావాలి, అప్పు ఆ ఇంటి నుంచే పుట్టాలి. అధికారి మూడుసార్లు అడుగుతాడు. పై పాట రాదు.